లాటిన్ చదివితే ఉద్యోగం ఎవరిస్తారు?

అమ్మా, మీ లెటర్ రెండుసార్లు చదివాను. అమ్మాయికి క్లాసిక్స్‌లో సీటొచ్చింది, గ్రీకు లాటిన్ చదువుతానంటోంది, ఆ చచ్చిన భాషలకి ఉద్యోగం ఎవడిస్తాడని మీవారు కేకలేశారు, వారం నుంచి తండ్రీకూతుళ్ళకి మాటల్లేవు, మధ్యలో మీరు నలిగిపోతున్నారు.

ఆయన భయం ఉత్తిదేం కాదండి. యూనివర్సిటీల్లో క్లాసిక్స్ పోస్టులు చాలా తక్కువ, పీహెచ్‌డీ అయ్యాక కూడా ఏళ్ళ తరబడి టెంపరరీ కాంట్రాక్టుల మీద తిరిగేవాళ్ళున్నారు. ప్రొఫెసర్ అవ్వడమొక్కటే ఆమె లెక్క అయితే ఈ సంగతి ఇప్పుడే తెలియాలి, దాచకండి.

కానీ ఈ డిగ్రీ చేసినవాళ్ళంతా అక్కడే ఉండిపోరు కదా. టోనీ హోర్ అని ఒకాయన ఆక్స్‌ఫర్డ్‌లో క్లాసిక్స్, ఫిలాసఫీ చదివి 1956లో బయటికొచ్చారు, తర్వాత రష్యన్ నేర్చుకున్నారు, మాస్కోలో మెషిన్ ట్రాన్స్‌లేషన్, అంటే కంప్యూటర్‌తో అనువాదం చేయించడం మీద పనిచేస్తూ వాక్యంలో మాటల్ని అక్షర క్రమంలో పెట్టాల్సి వచ్చి, కంప్యూటర్ దేన్నైనా త్వరగా వరసలో పెట్టే క్విక్‌సార్ట్ అనే పద్ధతి కనిపెట్టారు, 1980లో కంప్యూటర్ సైన్స్‌లో అతి పెద్ద బహుమతైన ట్యూరింగ్ అవార్డొచ్చింది. అందరూ హోర్‌లవుతారని చెప్పట్లేదు, దారి మూసుకుపోదని చెప్తున్నా. ఇంగ్లండ్‌లో సొలిసిటర్, అంటే ఒకరకం లాయర్ అవ్వాలన్నా లా డిగ్రీయే అక్కర్లేదు, వేరే డిగ్రీ ఉన్నా 2021లో వచ్చిన ఎస్‌క్యూఈ అనే సొలిసిటర్ అర్హత పరీక్షలు పాసై రెండేళ్ళు పని అనుభవం చూపించొచ్చు. పబ్లిషింగ్, మ్యూజియంలు, సివిల్ సర్వీస్‌లోకీ వెళ్తుంటారు.

ఇంతకీ ఆ చదువులో ఏం నేర్పుతారంటే, లాటిన్‌లో "కానిస్ విరుమ్ మోర్డెట్" అంటే కుక్క మనిషిని కరుస్తోంది అని. మాటలు తిరగేసి "విరుమ్ కానిస్ మోర్డెట్" అన్నా కరిచేది కుక్కే, ఎందుకంటే "విరుమ్" చివర ఉన్న "ఉమ్" అచ్చం మన "ని" లాంటిది. అలా ఒక్కో మాట చివర చూసుకుంటూ, తొందరపడి అర్థం ఊహించకుండా, పేజీలకి పేజీలు చదవాలి. చాలా ఓపిక కావాలి. ఆ అలవాటు ఏ ఆఫీసులోనైనా పనికొస్తుందని నా గట్టి నమ్మకం.

నన్నడిగితే పంపించండి, కాకపోతే సెలవుల్లో ఒక ఇంటర్న్‌షిప్పో, కోడింగో, ఇంకేదో చేస్తానని ఆమె నోటితోనే నాన్నకి చెప్పించండి. ఫీజుకి అప్పు చేయాల్సొస్తే ఎంత, ఎవరు తీరుస్తారు అన్నది ముగ్గురూ కూర్చుని కాగితం మీద రాసుకోండి. దానికంటే ముందు, అమ్మాయిని ఆ కుక్క వాక్యం నాన్నకి వివరించమనండి. అంతసేపూ ఆయన మధ్యలో అడ్డుపడకుండా చూసుకునే పని మీది.