కిడ్నీ మార్పిడి, కొవిడ్, ఆ తర్వాత చెంప తిమ్మిరి

ప్రశ్న: మాది రాయగడ. మా వారికి 46 ఏళ్లు. 6 ఏళ్ల కిందట మా అత్తగారి కిడ్నీని ఆయనకు విశాఖపట్నంలో అమర్చారు. నెలన్నర కిందట కొవిడ్ ముదిరి 12 రోజులు ఐసీయూలో ఆక్సిజన్ మీద ఉన్నారు. అప్పుడు, కిడ్నీని శరీరం తిరస్కరించకుండా వాడే మందుల్లో మైకోఫెనొలేట్ ఆపి, స్టెరాయిడ్ పెంచారు. టాక్రోలిమస్ కొనసాగుతోంది. కిడ్నీ పనితీరు తెలిపే రక్తపరీక్షలో 1.3 ఉండే క్రియాటినిన్ ఇప్పుడు 1.9 అయింది, షుగర్ 280 దాటుతోంది. ఆపిన మాత్రలు ఇంట్లోనే ఉన్నాయి, మళ్లీ మొదలుపెట్టవచ్చా? తిప్పతీగ కషాయం మంచిదని చుట్టుపక్కల వారు అంటున్నారు, ఇవ్వవచ్చా? 4 రోజులుగా కుడి చెంప తిమ్మిరిగా ఉందని కూడా అంటున్నారు.
- ఒక పాఠకురాలు

జవాబు: మీరు చివరలో రాసిన చెంప తిమ్మిరి సంగతే నేను ముందుగా మాట్లాడాలి. స్టెరాయిడ్ ఎక్కువ మోతాదులో వాడి, షుగర్ అదుపు తప్పి, మార్పిడి మందుల వల్ల రోగనిరోధక శక్తి ముందే తగ్గి ఉన్నవారికి తీవ్రమైన కొవిడ్ తర్వాత మ్యూకర్‌మైకోసిస్ వచ్చే ప్రమాదం ఎక్కువ. 2021లో ఊరూరా బ్లాక్ ఫంగస్ అని చెప్పుకొన్నది దీనినే. చెంప తిమ్మిరి దీని గుర్తు కావచ్చు. ముక్కు పక్కనుండే సైనస్‌లలో మొదలై, రక్తనాళాలను మూసివేస్తూ, కంటికీ ఆపై మెదడుకూ పాకుతుంది. టార్చిలైటు వేసి ఆయన అంగిలి చూడండి. అక్కడ నల్లని మచ్చ, ముక్కులోంచి నెత్తుటి చీమిడి, కంటి వాపు, ఒక వస్తువు రెండుగా కనిపించడం, పైపళ్లు కదలడం వంటివి ఉంటే జబ్బు ముదురుతున్నట్లే. అవేవీ లేకపోయినా, మార్పిడి చేసిన ఆసుపత్రికి ఫోన్ చేసి, చెవి ముక్కు గొంతు వైద్యులూ కిడ్నీ వైద్యులూ ఒకేచోట ఉన్న ఆసుపత్రికి ఈరోజే బయలుదేరండి. ముక్కులోకి ఎండోస్కోప్ పంపి చూసి, చిన్న ముక్క తీసి పరీక్షిస్తారు. జబ్బు అదే అయితే ఆంఫోటెరిసిన్ అనే ఫంగస్ మందుతోపాటు శస్త్రచికిత్స కూడా అవసరమవుతుంది. ఆ మందు కిడ్నీని దెబ్బతీయగలదు కనుక, ఆ హాని తక్కువగా ఉండే లైపోసోమల్ రకాన్ని ఎంచుకుంటారు.

ఇక క్రియాటినిన్. 1.9 అన్న ఒక్క అంకెను చూసి కారణం చెప్పడం ఏ వైద్యుడికీ సాధ్యం కాదు. కొవిడ్ సమయంలో కిడ్నీకి తగిలిన దెబ్బ ఇంకా మానకపోవచ్చు, మైకోఫెనొలేట్ ఆపడంతో శరీరం కిడ్నీని తిరస్కరించడం మొదలై ఉండవచ్చు, లేదా రక్తంలో టాక్రోలిమస్ మితిమీరి ఉండవచ్చు. విరేచనాలైనా, కొన్ని ఫంగస్ మందులు వాడినా, కొవిడ్‌కు ఇచ్చే రిటోనవిర్ కలిసిన మాత్రలు వేసుకున్నా రక్తంలో టాక్రోలిమస్ పెరిగిపోతుంది. కిడ్నీకి దెబ్బ, తిరస్కరణ, టాక్రోలిమస్ మితిమీరడం, ఈ మూడింటికీ చికిత్స వేరు. తిరస్కరణ అయితే మందులు పెంచాలి, టాక్రోలిమస్ ఎక్కువైతే తగ్గించాలి. పైగా ఫంగస్ నిజంగా ఉంటే మైకోఫెనొలేట్ మొదలుపెట్టడం దానికి మేత వేసినట్లే. కాబట్టి ఆ మాత్రల జోలికి మీరు వెళ్లవద్దు. అలాగని టాక్రోలిమస్‌నూ స్టెరాయిడ్‌నూ మీ అంతట మీరు ఆపవద్దు.

రక్తంలో టాక్రోలిమస్ ఎంత ఉందో చూసే పరీక్షలో తరచుగా జరిగే పొరపాటు ఒకటుంది. ఇంటి దగ్గర పొద్దుటి మాత్ర వేసుకొని రైలెక్కి, పార్వతీపురం, బొబ్బిలి దాటి విశాఖ చేరి, మధ్యాహ్నం రక్తం ఇస్తారు. అప్పుడు అంకె ఎక్కువగా వచ్చి, అవసరం లేకపోయినా మోతాదు తగ్గించే ప్రమాదముంది. రోజుకు రెండు పూటలా వేసుకునేవారు రాత్రి మాత్ర తర్వాత సుమారు 12 గంటలకు రక్తం ఇచ్చి, వెంటనే పొద్దుటి మాత్ర వేసుకోవాలి. అయితే దీనికోసం ఈరోజు ప్రయాణాన్ని ఆపుకోకండి, ఆసుపత్రిలో చేరాక మర్నాడు ఉదయం కూడా తీస్తారు.

తిప్పతీగ కషాయం వద్దు. రోగనిరోధక శక్తిని పెంచుతుందనేగా ఇమ్మంటున్నది. మీ అత్తగారి కిడ్నీని కాపాడుతున్నది ఆ శక్తిని అణచి ఉంచడమే. తిప్పతీగతో కాలేయం దెబ్బతిన్నవారూ ఉన్నారు. పంపరపనస కూడా తినిపించవద్దు, అది టాక్రోలిమస్‌ను పెంచుతుంది. ఒళ్లు నొప్పులకు మందుల షాపులో డైక్లోఫెనాక్ తీసుకోవద్దు.

వెళ్లేటప్పుడు డిశ్చార్జి కాగితాలు, పాత క్రియాటినిన్ రిపోర్టులు, ఆపినవాటితో సహా అన్ని మందుల అట్టలూ ఒకే సంచిలో పెట్టుకోండి. చెంప తిమ్మిరి సంగతి వైద్యుడికి మొదటి మాటగా చెప్పండి.