కాస్టిక్ సోడా లేకుండా, పూల వాసన వచ్చే సబ్బు ఇంట్లో చేసుకోవచ్చా?

కుదరదండీ. కాస్టిక్ సోడా లేకుండా గట్టి సబ్బు బిళ్లే లేదు, ఇక ఇంట్లో పూలు వేసి వాసన తెప్పించడం అనేది అంతకన్నా అయ్యే పని కాదు. ఈ ప్రశ్న అడిగినావిడ "పూర్తిగా సహజంగా ఉండాలి, సోడా వద్దు, మల్లెపూల వాసన రావాలి, కొత్తగా నేర్చుకుంటున్నాను" అని రాశారు. నేను కొన్నేళ్లుగా మా ఇంటికి సరిపడా సబ్బులు నేనే చేసుకుంటున్నాను కాబట్టి, ఉన్నదున్నట్టు చెప్తాను, కాస్త ఎక్కువే చెప్తాను.

ముందు ఆ సోడా భయం సంగతి. నూనెలో కాస్టిక్ సోడా నీళ్లు కలిపితే రెండూ కలిసి సబ్బుగా, గ్లిజరిన్‌గా మారిపోతాయి. లెక్క సరిగ్గా ఉంటే ఆరిన సబ్బులో సోడా మిగలదు. యూట్యూబ్‌లో "ఒక్క కెమికల్ కూడా లేని సబ్బు" అని చూపించేవాళ్లు చేసేదల్లా బజార్లో దొరికే సోప్ బేస్, అంటే ముందే తయారైన సబ్బు దిమ్మ తెచ్చి, ముక్కలు కోసి, వేడినీళ్ల గిన్నె మీద కరిగించి, పసుపో కలబందో కలిపి అచ్చులో పోయడమే. ఆ బేస్ చేసిన ఫ్యాక్టరీ వాళ్లు సోడా వాడకుండా ఎలా చేశారనుకుంటున్నారు? అలా చేసుకోవడం తప్పని అనను. ఇంట్లో పిల్లలుంటే అదే మంచిది, పైగా ఆ రోజే వాడేసుకోవచ్చు. నిజానికి కొత్తవాళ్లు మొదట అదే చేయండి. కాకపోతే వాళ్లు సబ్బు చేయలేదు, కరిగించారు. వచ్చే కోపమంతా దానికే.

నిజంగా చేయాలంటే మాత్రం మొదట కొనాల్సింది పరిమళ నూనెలు కాదు, ఒక్క గ్రాము తేడా కూడా చూపించే డిజిటల్ కాటా. మనవాళ్లకి వంటలో చేతి అంచనా బాగా అలవాటు, ఉప్పు కూడా చూపుతోనే వేసేస్తారు, ఇక్కడ ఆ తెలివి పనికిరాదు. కొబ్బరి నూనె 200 గ్రాములు, తవుడు నూనె 250, ఆముదం 50. ఈ అర కిలో నూనెలకి కాస్టిక్ సోడా 71 గ్రాములు, నీళ్లు 165 గ్రాములు. ఈ లెక్కలో కాస్త నూనె సబ్బులో మిగిలేలా చూసుకున్నాను, చర్మం పొడిబారకుండా ఉండటానికి. నూనె మారితే సోడా మారుతుంది. కొబ్బరి నూనె ఎక్కువ సోడా తాగుతుంది, ఆముదం తక్కువ. అందుకని "తవుడు నూనె లేదు, బదులు కొబ్బరి నూనె పోశాను" అంటే కుదరదు, ఆన్‌లైన్‌లో సోప్ కాలిక్యులేటర్లు ఉంటాయి, మళ్లీ లెక్క వేసుకోవాలి. చాకలి సోడా వేరు, తినే సోడా వేరు, ఇది వేరు. సింకు పైపులు శుభ్రం చేసే పొడి అసలే వద్దు, అందులో ఇంకేవేవో కలుపుతారు.

సోడాని నీళ్లలో వేయాలి, సోడా మీద నీళ్లు పోయకూడదు, చిమ్ముతుంది. పొయ్యి లేకుండానే ఆ నీళ్లు పొగలు కక్కుతాయి, ఆ పొగ పీల్చకుండా బాల్కనీలో పెట్టుకోండి. చేతులకి గ్లవ్స్, కళ్లకి అద్దాలు తప్పనిసరి. ఒంటి మీద పడితే నిమ్మరసం, వెనిగర్ అంటూ వెతక్కండి, కుళాయి కింద పెట్టి చాలాసేపు కడగండి. గిన్నె స్టీలుదే ఉండాలి. సత్తు గిన్నె ముట్టుకోవద్దు, సోడా అల్యూమినియాన్ని తినేసి హైడ్రోజన్ వదులుతుంది. నూనెలూ సోడా నీళ్లూ రెండూ గోరువెచ్చగా అయ్యాక కలిపి, హ్యాండ్ బ్లెండర్‌తో తిప్పండి. బ్లెండర్ పైకెత్తితే కారిన చార పైన గీతలా నిలబడాలి, అప్పుడు వాసన నూనె వేసి అచ్చులో పోసేయాలి. మర్నాడో ఆ మర్నాడో కోసి, నాలుగు నుంచి ఆరు వారాలు గాలి తగిలే చోట ఆరబెట్టాలి. ఇంతే పద్ధతి.

ఇక వాసన. మొన్నామధ్య ఎండాకాలంలో మా మేనత్త అంబాజీపేట నుంచి వచ్చి మా ఇంట్లో ఉంది. కొబ్బరి నూనె డబ్బా కూడా తనే మోసుకొచ్చింది, గానుగాడించినదే వాడాలని ఆవిడ పట్టుదల. నేను సబ్బుకి అన్నీ సర్దుకుంటుంటే పక్కన కూర్చుని నిమ్మగడ్డి నూనె సీసా మూత తీసి వాసన చూసి, "ఇంట్లో మల్లెపూలు పెట్టుకుని ఈ సీసాలు దేనికే? మా రోజుల్లో తలనూనెలో పూలు వేసి కాచుకునేవాళ్లం ఆయ్" అంది. అత్తా, తలనూనెలో సోడా ఉండదు, ఇందులో వేస్తే వాసన చచ్చిపోతుంది అని చెప్పాను. వింటేగా! ముందురోజు రాత్రే రెండు మూరల పూలు నూనెలో వేసి మూత పెట్టేసిందట, నాకు చెప్పలేదు. సరే, గొడవెందుకని ఆ నూనె కూడా తూచి, నూనెలు రెండు గిన్నెల్లో సమానంగా పంచి, సోడా నీళ్లు కూడా సగం సగం తూచి, ఒక గిన్నె తనకిచ్చేశాను. తన గిన్నెలో పైన అలంకారానికని తాజా పూలు కూడా గుచ్చింది, పెళ్లిపందిరే అనుకోండి. తెల్లారి చూస్తే ఆ తెల్లటి పూరేకులన్నీ ఎండిన చింతపండు పిప్పిలా నల్లగా అయిపోయి సబ్బుకి అతుక్కుని ఉన్నాయి. వాసన చూస్తే ఉడికిన ఆకుల వాసన. "నీ సోడాలో ఏదో ఉంది" అంది. ఉంది అత్తా, సోడా ఉంది అన్నాను. వెళ్లేటప్పుడు ఆ సబ్బులన్నీ తనే పట్టుకెళ్లింది, నావి ఒక్కటి కూడా అడగలేదు. ఊళ్లో అందరికీ మా మేనకోడలు చేసిన మల్లెపూల సబ్బు అని పంచిందట. పుచ్చుకున్నవాళ్లు ఏమనుకున్నారో నాకు మాత్రం ఎవరూ ఫోన్ చేయలేదు.

ఆవిడ తప్పేమీ లేదు, కంపెనీలు రేపర్ మీద పువ్వు బొమ్మ వేసి మనందరికీ అలా నేర్పించాయి. సబ్బులో నిలబడేంత మల్లె వాసన నూనెలో తీయడం ఇంట్లో అయ్యే పని కాదు, అసలైన మల్లె అత్తరు కొనాలంటే ఒక్క సబ్బుకే చేతి చమురు వదులుతుంది. గంధం కూడా అంతే. మొదటి ప్రపంచ యుద్ధంలో మైసూరు గంధపు చెక్క యూరప్‌కి వెళ్లడం ఆగిపోతే, ఆ సంస్థానం వాళ్లు గంధం నూనె తీసి, సబ్బు ఫ్యాక్టరీ పెట్టారు. చేతిలో అడవి ఉంది కాబట్టి పెట్టగలిగారు. మనకి ఆన్‌లైన్‌లో నూట యాభై రూపాయలకి వచ్చే "ప్యూర్ శాండల్ ఎసెన్షియల్ ఆయిల్" గంధపు చెట్టుని చూసి కూడా ఉండదు. నారింజ, నిమ్మ నూనెలు సబ్బు ఆరేలోపే ఎగిరిపోతాయి. లవంగ నూనె వేస్తే చూస్తుండగానే గిన్నెలోనే గట్టిపడిపోతుంది, చర్మానికి మంట కూడా. మన వాతావరణానికి, మన పర్సుకి, నిలబడే వాసన కావాలంటే నిమ్మగడ్డి నూనె మించింది లేదు. అర కిలో నూనెలకి పది గ్రాములు చాలు, అంతకుమించితే కొందరికి దురద వస్తుంది. డబ్బులుంటే వట్టివేళ్ల నూనె. పసుపు వేద్దామనుకుంటారు చాలామంది. పసుపులో సున్నం కలిపితే పారాణి ఎర్రగా అవడం మీకు తెలిసిందే, సబ్బులోనూ అదే జరుగుతుంది. పచ్చటి సబ్బు వస్తుందనుకుంటే ముందు ఎర్రబడి, తర్వాత మెల్లగా ఇటుక రంగుకి తేలుతుంది. నాకైతే అదే బాగుంటుంది.

ఇంకో మాట, ఎవరూ అడగకపోయినా. రెండు సబ్బులు చేయగానే ఇన్‌స్టాలో పేజీ పెట్టి ముక్క రెండొందల యాభైకి అమ్మేస్తున్నారు. అమ్మడానికి తయారు చేయాలంటే 2020 కాస్మెటిక్స్ రూల్స్ కింద లైసెన్స్ కావాలి. అలాంటి ఒక పేజీలో నేనూ సరదాకి కొన్నాను, పైన బంతిపూల రేకులు, అడుగున నూనె కారుతూ తడిగా వచ్చింది. ఎన్నాళ్లు ఆరబెట్టారని అడిగితే బ్లాక్ చేశారు. దానికన్నా కిరాణా కొట్లో దొరికేదే నయం. కాకపోతే రేపర్ మీద టీఎఫ్ఎం అంకె, అంటే సబ్బులో కొవ్వు పదార్థం ఎంత శాతమో, చూసి కొనండి. టాయిలెట్ సోప్ మొదటి గ్రేడుకి 76 శాతం ఉండాలి, "బాతింగ్ బార్" అని రాసి ఉంటే 40 ఉన్నా సరిపోతుంది.

చివరగా, మీది హైదరాబాదులో బోరు నీళ్ల అపార్ట్‌మెంటైతే ఒక సంగతి ముందే తెలుసుకోండి. ఉప్పు నీళ్లలో ఏ నిజమైన సబ్బూ సరిగ్గా నురగ రాదు, బకెట్ అంచున తెల్లటి మడ్డి కడుతుంది. నేను ఆముదం వేసేది ఆ నురగ కాస్త నిలబడటానికే, అయినా మంజీరా కుళాయి నీళ్లొచ్చే రోజుకీ ట్యాంకర్ వచ్చే రోజుకీ అదే సబ్బు వేరేలా ఉంటుంది. చేయడం రాలేదని బెంగపడి పారేయకండి, మా వీధిలో ఒకావిడ అలాగే ఒక గిన్నెడు పారబోసింది.