అలల దిశ కొలుస్తానంటున్న అమ్మాయిని డేటా సైన్స్‌కు పంపాలా?

ప్రశ్న: మాది కాకినాడ. మా అమ్మాయి బీఎస్సీ ఫిజిక్స్ ఫైనలియర్. విశాఖలో ఓషనోగ్రఫీ చదివి, సముద్రపు అలల దిశ మీద పనిచేస్తానంటోంది. ఆడపిల్లకు సముద్రం మీద పనేమిటి? బంధువులంతా డేటా సైన్స్ చేయించమంటున్నారు. ఏది మేలు?

జవాబు: ‘ఆడపిల్లకు’ అన్న మాట దగ్గరే ఆగిపోయాను. మీ టెన్షన్ అదే అయితే వదిలేయండి. అలలను కొలవడానికి నీటి మీద తేలేలా వదిలే పరికరం ఒకటుంటుంది, దాన్ని బోయ్ అంటారు. అది దింపే రోజుల్లో పడవెక్కాల్సి రావచ్చు. మిగతా పనంతా కంప్యూటర్ ముందే.

వేవ్‌రైడర్ అనే రకం బోయ్ పైకీ కిందకీ, ఉత్తర దక్షిణాలకూ, తూర్పు పడమరలకూ ఎలా ఊగిందో నమోదు చేస్తుంది. ఈ మూడు కదలికలనూ కలిపి లెక్క కడితే, ఎక్కడో దూరాన పుట్టి ఇక్కడిదాకా వచ్చే అలలు, అంటే స్వెల్, ఎటు నుంచి వస్తోందో, ఇక్కడి గాలికి లేచిన అలలు ఎటు నుంచి వస్తున్నాయో విడివిడిగా తెలుస్తుంది. దక్షిణ హిందూ మహాసముద్రంలో లేచిన స్వెల్ వేల కిలోమీటర్లు వచ్చి, గాలే లేని రోజున కేరళ ఒడ్డును ముంచెత్తుతుంది. అక్కడివాళ్లు దాన్ని కల్లక్కడల్ అంటారు. దానికి ముందుగా హెచ్చరిక ఇచ్చేది హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్, సముద్ర సమాచారం అందించే జాతీయ కేంద్రం.

మీ పక్కనే ఉప్పాడలో ఇళ్లు సముద్రంలో కలిసిపోవడం మీరు చూస్తున్నదే. అల ఒడ్డును ఏ కోణంలో తాకుతుందో దాన్ని బట్టే ఇసుక కదులుతుంది. విశాఖ తీరాన నైరుతి రుతుపవనాలప్పుడు ఉత్తరానికి, ఈశాన్య రుతుపవనాలప్పుడు దక్షిణానికి పోతుంది. ఆ లెక్క చూడకుండా గోడ కడితే పక్క ఊరి ఒడ్డు కోసుకుపోతుంది.

ఇక డేటా సైన్స్. ఆరు నెలల కోర్సు మీద నాకు నమ్మకం తక్కువని దాచకుండా చెబుతున్నాను. దిక్సూచిలో ఉత్తరం సున్నా డిగ్రీలు, దక్షిణం 180. ఒక అల 350 డిగ్రీల నుంచి, మరొకటి 10 డిగ్రీల నుంచి వస్తే సగటు ఎంత? కూడి రెండుతో భాగిస్తే 180, అంటే దక్షిణం. నిజానికి రెండూ వచ్చింది ఉత్తరం వైపు నుంచి. సాఫ్ట్‌వేర్ ఆ తప్పు పట్టుకోదు, సముద్రం తెలిసిన మనిషి పట్టుకుంటుంది. పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషను మీ అమ్మాయి ఎలాగూ నేర్చుకుంటుంది, అది లేకుండా ఈ పని సాగదు. రేపు దారి మార్చుకోవాలన్నా ఆ నేర్పు చేతిలో ఉంటుంది.

ఉద్యోగాలు తక్కువే. ఇన్‌కాయిస్, గోవాలోని ఎన్‌ఐఓ (జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ), చెన్నైలోని ఎన్‌ఐఓటీ (జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ) లాంటి చోట్ల మొదట ప్రాజెక్టు పోస్టులే ఎక్కువగా దొరుకుతాయి, అవి కాంట్రాక్టువి. సైంటిస్టుగా ఎదగాలంటే పీహెచ్‌డీకి ఓపిక పట్టాలి. పోర్టులు, తీరప్రాంత నిర్మాణాల కన్సల్టెన్సీల్లోనూ అవకాశాలుంటాయి. ఆ నాలుగైదేళ్లు మీరు పెళ్లి మాట ఎత్తకుండా ఉండగలరా అన్నదే నా అనుమానం. బంధువులను అడిగారు గానీ, ఈ పని ఎందుకు నచ్చిందని అమ్మాయిని అడిగినట్టు మీ లేఖలో ఒక్క ముక్కా లేదు. ఈ ఆదివారం ఆమెను ఉప్పాడ తీసుకెళ్లి, అక్కడ అడగండి.