ఎన్‌టీపీడీ ఎందుకు ఆగిపోతోంది?

ప్రశ్న: మా యూనిక్స్ సర్వర్‌లో టైము 40 నిమిషాలు వెనకబడింది. ఎన్‌టీపీడీ (నెట్‌వర్క్ ద్వారా గడియారాన్ని సరిచేసే ప్రోగ్రామ్) స్టార్ట్ చేస్తే కాసేపటికే దానంతటదే ఆగిపోతోంది. ఏం చేయాలి?

జవాబు: 40 నిమిషాలంటే 2400 సెకన్లు. తేడా 1000 సెకన్లు దాటితే ఎన్‌టీపీడీ తనంతట తాను సరిదిద్దదు, లాగ్‌లో ఒక వాక్యం రాసి ఆగిపోతుంది. సర్వీసు ఆపి, ‘ఎన్‌టీపీడీ -జీక్యూ’ అని రూట్‌గా (అడ్మిన్ హక్కులతో) ఒకసారి నడపండి. ‘జీ’ ఆ హద్దును ఒక్కసారికి సడలిస్తుంది, ‘క్యూ’ టైము సరిచేసి బయటికొచ్చేస్తుంది. డేటాబేస్ ఉంటే ముందే ఆపేయండి. గడియారం ఒక్కసారిగా దూకడం దానికి మంచిది కాదు.

తర్వాత సర్వీసు మొదలుపెట్టి ‘ఎన్‌టీపీక్యూ -పీఎన్’ కొట్టండి, టైమ్ సర్వర్ల (సరైన టైము చెప్పే కంప్యూటర్ల) పట్టిక వస్తుంది. అందులో అసలు చూడాల్సింది ‘రీచ్’ గడి. అది ఆక్టల్ (0 నుంచి 7 దాకా అంకెలే వాడే) సంఖ్య: జవాబులు వరసగా అందుతుంటే 1, 3, 7, 17, 37 అంటూ పెరిగి 377 దగ్గర నిలుస్తుంది. అంటే చివరి 8 ప్రశ్నలకూ జవాబు వచ్చిందన్నమాట. 64 సెకన్లకోసారి అడుగుతుంది కాబట్టి ఎనిమిది, తొమ్మిది నిమిషాలు ఓపిక పట్టాలి. సున్నా దగ్గరే ఉండిపోతే ముందు ఫైర్‌వాల్‌ను అనుమానించండి: యూడీపీ 123 పోర్టు రానూ పోనూ తెరిచుండాలి. అడ్రసు పక్కన నక్షత్రం గుర్తు కనిపిస్తే ఆ సర్వర్‌ను ఎంచుకున్నట్టే.

క్రోనీ (ఇదే పని చేసే మరో ప్రోగ్రామ్) కూడా నడుస్తోందేమో చూడండి. రెండూ ఒకే గడియారాన్ని చెరోవైపు లాగుతాయి, ఒకటే ఉంచండి. కాన్ఫిగ్ ఫైల్లో కనీసం 4 టైమ్ సర్వర్లు పెట్టండి. రెండే ఉంటే ఏది తప్పు చెబుతోందో తేలదు. ఇన్ని చేసినా రోజుకు 43 సెకన్లకు మించి తేడా వస్తుంటే అది 500 పీపీఎం (పది లక్షల్లో 500 వంతుల) హద్దు దాటినట్టు. అంత తేడాను ఎన్‌టీపీడీ సర్దలేదు, మదర్‌బోర్డునో వర్చువల్ మెషీన్ సెట్టింగులనో చూడాల్సిందే.