ఫీల్డ్ పోస్టింగ్‌లో తోలు పని: మీ ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: నమస్తే సర్. మాది శ్రీకాకుళం జిల్లా. ఆర్మీలో నాయక్‌ని, ఇప్పుడు లద్దాఖ్ సైడు ఫీల్డ్‌లో ఉన్నా. డ్యూటీ అయ్యాక టైమ్ మిగుల్తుంది, నెట్ ఉంటే ఉంటుంది లేకపోతే లేదు, ఎంతసేపని పేకాడతాం చెప్పండి. మొన్న లీవులో ఉన్నప్పుడు లెదర్ పర్సులు చేత్తో కుట్టే వీడియోలు చూశా, తెగ నచ్చేసింది. ఏం కొనాలి, ఎక్కడ మొదలెట్టాలి? ఎక్కువ సామానైతే మోసుకెళ్ళలేను. ఇంకో సంగతి, మా నాన్న ఫోన్లో "చెప్పులు కుట్టే పని నీకెందుకురా" అంటున్నాడు. ఆయనకేం చెప్పాలి?
- ఒక జవాను

జవాబు: తమ్ముడూ, ముందు నాన్నగారి సంగతి తేల్చేద్దాం, సూదీదారం తర్వాత. కరెంటు మోటార్లు రాకముందు మన ఊళ్ళల్లో మోట కట్టి నీళ్ళు తోడింది తోలు తొండంతోనే కదా. డప్పు, కిర్రు చెప్పులు, ఎద్దుల మెడపట్టీలు, అన్నీ మాదిగవాడ నుంచి వచ్చినవే. వాళ్ళు కుట్టకపోతే ఎవరి మడీ తడిసేది కాదు, అయినా వాళ్ళనే ఊరి బయట ఉంచారు, అది మన ఘనకార్యం. నాన్నగారితో వాదన పెట్టుకోకండి, మొదటి పర్సు ఆయనకే కుట్టి పంపండి, జేబులో పెట్టుకుంటారో లేదో మీరే చూద్దురుగాని.

ఇక పని. మీ దగ్గర బూట్లు, బెల్టులు రిపేర్ చేసే ట్రేడ్స్‌మ్యాన్ ఉంటే మీ మొదటి గురువు ఆయనే. ఒక సాయంత్రం చాయ్ పట్టుకెళ్ళి పక్కన కూర్చోండి, ఆరె (తోలుకి బెజ్జం పొడిచే సన్నమొన పనిముట్టు) ఎలా పట్టుకుంటున్నాడు, దారం ఎంత గట్టిగా లాగుతున్నాడు చూడండి, ఆ లాగడం ఎంత అనేది ఏ వీడియో చెప్పదు, చేతికి తెలియాల్సిందే.

తోలు దగ్గరే చాలామంది దెబ్బ తింటారు. షాపులో మెత్తగా, రంగురంగులుగా కనిపించేది ఎక్కువగా క్రోమ్ తోలు, అంటే క్రోమియం ఉప్పులతో శుద్ధి చేసింది. బ్యాగులకి బాగానే ఉంటుంది గానీ అంచు నున్నగా రాదు, మీద అక్షరాలు కొట్టినా నిలవవు. మీకు కావాల్సింది చెట్ల బెరడుతో ఊనబెట్టిన (అంటే కుళ్ళకుండా శుద్ధి చేసిన) తోలు, వెజ్ ట్యాన్ అని అడిగితే ఇస్తారు. చూసుకోడం తేలికే, కోసిన అంచు లోపలి దాకా గోధుమరంగులో ఉంటుంది (క్రోమ్‌ది చాలాసార్లు లోపల నీలి బూడిద రంగు తేలుతుంది), రంగు వెయ్యని వెజ్ ట్యాన్ మీద నీటిబొట్టు వేస్తే చటుక్కున పీల్చుకుని నల్లబడుతుంది. ఒకప్పుడు మన దక్షిణాది తోళ్ళు తంగేడు బెరడుతో ఊనబెట్టి కరక్కాయతో ముగించేవాళ్ళు, ఈస్టిండియా కిప్స్ అని విదేశాల్లో వాటికి మంచి పేరు. అవును, తెలంగాణ రాష్ట్ర పుష్పం తంగేడే, మనం బతుకమ్మలో పేర్చేది. లీవుకొచ్చినప్పుడు చెన్నై మీదుగా వస్తే పెరియమెట్‌లో తోలు షాపులున్నాయి, చేత్తో పట్టుకుని చూసి కొనొచ్చు. తోలు చదరపు అడుగు లెక్కన అమ్ముతారు. మొదటిసారి ఒకటిన్నర మిల్లీమీటరు లోపు మందం ఉన్నది రెండు మూడు అడుగులు చాలు. బెల్టుకైతే మూడున్నర మిల్లీమీటర్లన్నా ఉండాలి, దాని జోలికి ఇప్పుడే వద్దు.

సామాను అంతా ఒక మెస్ టిన్‌లో పడుతుంది. స్టీలు స్కేలు, బ్లేడు విరిచే కట్టరు, 4 మిల్లీమీటర్ల ఎడంతో పళ్ళున్న పంచింగ్ ఫోర్కు, చిన్న సుత్తి, మొన మొద్దుగా ఉండే సూదులు రెండు, మైనం పట్టించిన పాలిస్టర్ దారం 0.8 మిల్లీమీటర్లది, సాండ్‌పేపరు. అంతే. ఆన్‌లైన్లో యాభై ముక్కల కిట్ అని ఊరిస్తారు, అందులో సగం డబ్బాలో తుప్పు పట్టడానికే, కొనకండి.

మొదట కార్డు హోల్డరు కుట్టండి. ఏటీఎం కార్డు 8.6 సెంటీమీటర్లు పొడుగు, 5.4 వెడల్పు, కాబట్టి 10 బై 7.5 ముక్కలు రెండు కొయ్యండి, బ్లేడు ఒకేసారి గట్టిగా లాక్కండా మూడు నాలుగు సార్లు తేలిగ్గా పోనిస్తే కోత వంకరపోదు. అంచు నుంచి 3 మిల్లీమీటర్ల లోపలికి గీత గీసి దాని మీద ఫోర్కుతో బెజ్జాలు కొట్టాలి, కింద పాత బూటు సోలు ఒకటి వేసుకోండి, పళ్ళు పాడవ్వవు, నైట్ డ్యూటీ చేసొచ్చి పడుకున్నవాడి నిద్రా పాడవదు. మూడు వైపులా కలిపి పాతిక సెంటీమీటర్ల కుట్టు, అరవై చిల్లర బెజ్జాలు. దారం కుట్టుకి నాలుగు రెట్లు, అంటే మీటరు.

దారానికి రెండు కొసలా రెండు సూదులు. మొదటి బెజ్జంలో దూర్చి రెండు వైపులా సమానంగా లాగండి. తర్వాత బెజ్జంలోకి ముందు కుడిచేతి సూది, అది బయటికొచ్చాక అదే బెజ్జంలోకి ఎడమచేతి సూది, మొదటి దారాన్ని గుచ్చకుండా దాని పక్కనుంచి. తర్వాత రెండూ ఒకేసారి లాగాలి. ప్రతి బెజ్జానికీ అదే వరస, ఒక్కచోట తారుమారు చేసినా కుట్టు వంకర తెలిసిపోద్ది. మిషన్ కుట్టులో ఒక చోట దారం తెగితే మిగతాది ఊడుతూ పోతుంది, ఇందులో ఒక దారం తెగినా రెండోది పట్టుకునే ఉంటుంది, గుర్రం జీన్లు ఇలా కుట్టింది అందుకే. చివర్లో రెండు బెజ్జాలు వెనక్కి కుట్టి, దారం కోసి, కొసని లైటర్‌తో కరిగించి నొక్కేస్తే అయిపోయింది. పట్టుకోడానికి బల్ల లేకపోతే రెండు చెక్క బద్దల మధ్య తోలు పెట్టి మోకాళ్ళతో నొక్కిపట్టండి.

అంచుకి ముందు సాండ్‌పేపరు, తర్వాత కాస్త నీళ్ళు తడిపి పాత కాన్వాస్ గుడ్డతో వేడెక్కేదాకా రుద్దండి, గాజులా మెరుస్తుంది. కాన్వాసుకి, బూటు పాలిష్‌కి మీకేం కొదవ. పాలిష్ రంగు కోసం కూడా పనికొస్తుంది గానీ పొడి గుడ్డతో బాగా తుడవండి, లేకపోతే ప్యాంటుకి అంటుద్ది. కొబ్బరినూనె మాత్రం పూయొద్దు, తోలు మరకలు పడి మెత్తబడిపోతుంది.

ఒక్క విషయంలో మాత్రం నా మాట కచ్చితంగా వినండి. ఘాటు వాసనొచ్చే రబ్బర్ సొల్యూషన్, కాంటాక్ట్ గమ్ములు బుఖారీ (గది వెచ్చబెట్టే పొయ్యి) వెలిగించి తలుపులు మూసుకున్న గదిలో తియ్యనే తియ్యొద్దు, ఆ ఆవిరికి మంటందుకుంటే అంతే సంగతి. తెల్ల గమ్ము కూడా ఆ చలికి గడ్డకట్టి కరిగితే పనికిరాదు. రెండు వైపులా అంటుకునే సన్నటి టేపుతో ముక్కలు ఆపి కుట్టెయ్యండి, కుట్టే ఎలాగూ పట్టుకుంటుంది. చలిలో వేళ్ళు మొద్దుబారినప్పుడు కట్టరు ముట్టుకోకండి, కోతలన్నీ పగలే చేసుకుని సాయంత్రానికి కుట్టు మిగుల్చుకోండి.

ప్రశ్న: మా ఆయనకి లెదర్ పిచ్చి పట్టింది, ఫోన్ చేస్తే అది పంపు ఇది పంపు అంటున్నారు. ఆన్‌లైన్లో ఆర్డర్ పెడితే ఆయన అడ్రస్‌కి డెలివరీ లేదంటోంది. ఎలా పంపాలి?
- ఒక జవాను భార్య, ప్రకాశం జిల్లా

జవాబు: అమ్మా, సైన్యానికి తపాలా వెళ్ళేది ఆర్మీ పోస్టల్ సర్వీస్ ద్వారా, కొరియర్ వాళ్ళకి ఆ దారి లేదు. ఆర్డర్ ఇంటికి తెప్పించుకుని, మీరే పోస్టాఫీసులో పార్శిల్ చెయ్యండి. ఆయన ఆర్మీ నంబరు, ర్యాంకు, పేరు, యూనిట్, ఆ యూనిట్ పిన్ కోడ్, కేరాఫ్ 56 ఏపీఓ (ఏపీఓ అంటే ఆర్మీ పోస్టాఫీసు, తూర్పు సైడు వాళ్ళకి 99 ఏపీఓ), అంతే రాయాలి. ఊరు పేరు, సెక్టారు పేరు పార్శిల్ మీద ఎక్కడా రాయకండి, అక్షరం కూడా. తోలు మడత పెడితే ఆ గీత ఇక పోదు, నున్నటి వైపు బయటికొచ్చేలా చుట్ట చుట్టి గొట్టంలో పెట్టండి. గమ్ము, స్పిరిట్ రంగులు, లైటర్ పెట్టకండి, మండే సరుకు తీసుకోరు. ఆయన లీవుకొచ్చినప్పుడే ముక్కలు కోసి బెజ్జాలు కొట్టి తీసుకెళ్తే ఇంకా హాయి, అక్కడ సూదీదారం చాలు. కట్టరు చెక్‌ఇన్ లగేజీలో వెయ్యమనండి, చేతి బ్యాగులో ఉంటే ఎయిర్‌పోర్టులో తీసేసుకుంటారు.

ప్రశ్న: అన్నా, నేను టెక్సస్‌లో పెరిగిన తెలుగోణ్ణి, అమెరికా ఆర్మీలో ఉన్నా, త్వరలో కువైట్ వెళ్తున్నా. మా సార్జెంట్ లెదర్ పని నేర్పుతా అంటున్నాడు. సోల్జర్లకీ దీనికీ పాత సంబంధం ఉందంటాడు, నిజమేనా?
- ఓ కుర్రాడు

జవాబు: నిజమే, పైగా ఆ కథ మీ టెక్సస్‌దే. 1919లో ఫోర్ట్ వర్త్‌లో హింక్లీ, టాండీ అని ఇద్దరు కలిసి చెప్పుల రిపేరు షాపులకి తోలూ సామానూ అమ్మే దుకాణం పెట్టారు. రెండో ప్రపంచ యుద్ధంలో టాండీ కొడుకు చార్లెస్ నేవీలో చేరి హవాయిలో ఉన్నప్పుడు, అక్కడి సైనిక ఆస్పత్రుల్లో దెబ్బలు తగిలినవాళ్ళు తోలు పని చేస్తూ కాలక్షేపం చెయ్యడం చూశాడు, హాబీ వాళ్ళకి తోలు అమ్మితే ఎలా ఉంటుందని నాన్నకి చెప్పాడు. యుద్ధం అయ్యాక దుకాణం ఆ దారే పట్టింది, ఇవాళ్టి టాండీ లెదర్ అదే. (ఆ చార్లెస్సే 1963లో రేడియో షాక్ అనే ఎలక్ట్రానిక్స్ షాపుల కంపెనీని కూడా కొన్నాడు, తోలు ఎక్కడ రేడియోలెక్కడ అనుకోకండి.) అంతకు ముందు మొదటి ప్రపంచ యుద్ధంలోనే గాయపడ్డవాళ్ళ చేతులు మళ్ళీ కదిలించడానికి ఆస్పత్రుల్లో నేత, చెక్కపని లాంటివి నేర్పేవాళ్ళు.

కువైట్‌లో మీకు గొడవ చలితో కాదు, వేడితో. ఎండలో కాగే కంటైనర్లో తోలు వదిలేస్తే నూనె అంతా పోయి పెళుసెక్కుతుంది, ప్లాస్టిక్ కవర్లో కాకుండా గుడ్డలో చుట్టి ఏసీ గదిలో ఉంచండి. సార్జెంట్ దగ్గర నేర్చుకోండి, అంత దొరకడమే అదృష్టం.

ప్రశ్న: సర్వీసులో ఉండగా కుట్టినవి అమ్ముకోవచ్చా? ఫోటోలు పెట్టొచ్చా?
- పేరు వద్దు

జవాబు: స్నేహితుడికి పుట్టినరోజుకి ఇవ్వడం వేరు, రేటు పెట్టి అమ్మడం వేరు. రెండోదానికి పైవాళ్ళ పర్మిషన్ లేకుండా దిగొద్దు. యూనిట్ గుర్తులు ముద్రించి అమ్మడం అసలే వద్దు. ఫోటోల సంగతంటారా, 2020 జులైలో మన ఆర్మీ 89 యాప్‌లు ఫోన్లోంచి తీసెయ్యమంది, ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ కూడా అందులో ఉన్నాయి. ఇప్పుడు ఏ రూలు నడుస్తోందో మీ యూనిట్లోనే అడగండి. రూలు ఒప్పుకున్నా పర్సు ఫోటో వెనకాల గుడారం, కొండ, బండి నంబరు పడుతున్నాయేమో చూసుకోండి. లీవులో ఇంటికొచ్చాక వాకిట్లో మంచం మీద పెట్టి తీసుకుంటే సరి.