పాము కాటు ఇంజెక్షన్ వెనక గుర్రాలు, ఎలుకలు

ప్రశ్న: డాక్టర్ గారూ, పోయిన వానాకాలం రాత్రిపూట నేల మీద పడుకున్న మా నాన్నను కట్లపాము కరిచింది. ఏరియా ఆసుపత్రిలో యాంటీవీనమ్ ఎక్కించి బతికించారు. ఆ మందు గుర్రం రక్తం నుంచి తీస్తారని, పరీక్ష కోసం ఎలుకలు చచ్చిపోతాయని ఈమధ్యే తెలిసింది. చీమకు కూడా అపకారం చేయని ఇల్లు మాది. మేం పాపం చేసినట్టేనా? ఇంకో దారి లేదా?
– ఓ పాఠకురాలు, ప్రకాశం జిల్లా

జవాబు: పాపమేం కాదమ్మా. కట్లపాము విషం నరాల మీద పనిచేసి ఊపిరి తీసే కండరాలను కూడా పడేస్తుంది, దానికి విరుగుడు ఆ మందు ఒక్కటే. 2000 నుంచి 2019 దాకా మన దేశంలో పాము కాటుతో దాదాపు 12 లక్షల మంది పోయారని అంచనా, వాళ్లలో ఎక్కువమంది పల్లెటూళ్ల వాళ్లే. ఇది చదివి ఎవరూ ఇంజెక్షన్ వద్దనుకోకండి, ముందే చెబుతున్నా.

అలాగని మీ బాధను కొట్టిపారేయను. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్న పింజర విషాలను కొద్దికొద్దిగా మోతాదు పెంచుతూ నెలల తరబడి గుర్రానికి ఎక్కిస్తారు. దాని ఒంట్లో విరుగుడు తయారయ్యాక రక్తం తీసి, ఆ విరుగుడు ఉండే ప్లాస్మాను (రక్తంలోని ద్రవభాగాన్ని) వేరుచేస్తారు. ఎర్రకణాలను మళ్లీ ఆ గుర్రానికే ఎక్కిస్తే రక్తహీనత రాకుండా చూడొచ్చు. ఖర్చవుతుంది, అయినా చేసి తీరాలి.

నన్ను ఎక్కువ కలవరపెట్టేది ఎలుకల పరీక్ష. చంపే మోతాదుకు కొన్ని రెట్ల విషాన్ని మందుతో కలిపి, 37 డిగ్రీల వేడిలో అరగంట ఉంచి, ఎలుక తోకలోని రక్తనాళంలోకి ఎక్కిస్తారు. 24 గంటలయ్యాక ఎన్ని బతికాయో లెక్కపెడతారు. మందు చాలని ఎలుకలు ఊపిరాడకనో, లోపల రక్తం కారో పోతాయి. ముందే నొప్పి తగ్గించే మందు ఇవ్వడం, ఇక బతకదని తేలిపోయాక చివరిదాకా బాధపడనివ్వకుండా ముగించడం ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా సూచించిన పద్ధతులే, ఇవి ప్రతి ల్యాబ్‌లో తప్పనిసరి కావాలని నేను గట్టిగా నమ్ముతాను.

ఎలుక లేకుండా కుదరదా అంటే, కొంతవరకు కుదురుతుంది. మందులోని యాంటీబాడీలు (విరుగుడుగా పనిచేసే ప్రోటీన్లు) విషాన్ని పట్టుకుంటున్నాయో లేదో ల్యాబ్ ప్లేట్ మీదే చూడొచ్చు, రక్తపింజర విషం రక్తం గడ్డకట్టే తీరును ఎలా మారుస్తుందో గాజు గొట్టంలోనే తెలిసిపోతుంది. పట్టుకున్నంత మాత్రాన విషం విరిగినట్టు కాదు కాబట్టి ఆఖరి పరీక్ష ఇంకా ఎలుక మీదకే వస్తోంది. కానీ పనికిరాని బ్యాచ్‌ను ముందే ఏరేస్తే దాని కోసం ఒక్క ఎలుకా చావక్కర్లేదు, ఆ మాత్రం చేయకపోవడానికి నాకు సాకేమీ కనిపించడం లేదు.

గుర్రం అవసరమే లేని మందు కోసం కూడా పని జరుగుతోంది. నాగుపాము, కట్లపాము కుటుంబంలోని పాముల విషాల్లో ఉండే ఒక రకం నరాల విషాన్ని విరిచే మానవ యాంటీబాడీని ల్యాబ్‌లో తయారుచేసినట్టు బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ (ఐఐఎస్‌సీ), అమెరికాలోని స్క్రిప్స్ పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు 2024లో ప్రకటించారు. పింజరల విషానికి అది పనికిరాదు, పైగా దాన్ని కూడా ఎలుకల మీదే పరీక్షించారు. ఆసుపత్రికి రావడానికి ఇంకా టైమ్ పడుతుంది.

ఈలోపు మీ చేతిలో ఉన్నది ఒకటుంది. ఒక్క కాటుకు మొదటి విడతలోనే మామూలుగా 10 సీసాల దాకా ఎక్కిస్తారు, కాటు తప్పితే అంత మందూ మిగిలినట్టే. నాన్నగారికి మంచం వేసి, దోమతెర అంచులు పరుపు కిందకి దోపండి, రాత్రి బయటికెళ్తే టార్చ్ చేతిలో ఉండేలా చూడండి.