ప్రైవేటు రాకెట్ కంపెనీలు వచ్చాక ఇస్రో పని అయిపోయినట్టేనా? రేణిగుంట దారిలోని లేతు షెడ్డు నుంచి ఒక జవాబు

మీ అబ్బాయి డిప్లొమా మెకానికల్ చివరి సంవత్సరంలో ఉన్నాడనీ, ఇన్ని ప్రైవేటు రాకెట్ కంపెనీలు వచ్చాక ఇంకా ఇస్రోనే నమ్ముకోవాలా, వాటిలో చేరితే బతుకుతాడా అనీ చిత్తూరు నుంచి అడిగారు. నేను శాస్త్రవేత్తను కాను. మా నాన్న రేణిగుంట దారిలో పెట్టిన లేతు షెడ్డు నడుపుతున్నాను. పంపుసెట్ల షాఫ్టులు, చెరకు గానుగల రోలర్లు మా అసలు బువ్వ. రాకెట్ల గురించి నాకు తెలిసింది చేతికి తగిలినంత మేరే. ఆ మేరకు చెబుతాను.

ప్రైవేటు వాళ్లు నిన్న మొన్న ఊడిపడలేదండీ. ఇస్రో రాకెట్ పీఎస్ఎల్వీలో వాడే వికాస్ ఇంజిన్లు గోద్రెజ్‌లో, రాకెట్ మోటార్ల పై తొడుగులైన కేసింగులు ఎల్ అండ్ టీ, వాల్‌చంద్‌నగర్ వంటి చోట్ల దశాబ్దాలుగా తయారవుతున్నాయి. అలాంటి పెద్దల పని చేతులు మారి మారి అప్పుడప్పుడు మా షెడ్డుకూ చేరేది. డ్రాయింగు కింద కుడి మూలన ఒక గడి ఉంటుంది. ఎవరు గీశారు, ఎవరు ఆమోదించారు అన్నది అందులో రాస్తారు. అప్పట్లో ఆ గడిలో ఉండేది ఇస్రో కేంద్రాల పేర్లే. గీతను దాటకుండా కోసి ఇవ్వడమే మా పని. 2020 జూన్‌లో కేంద్ర ప్రభుత్వం అంతరిక్ష రంగంలోకి ప్రైవేటు కంపెనీలకు తలుపులు తెరిచాక మారింది ఆ గడిలోని పేరు. ఇప్పుడు అక్కడ ప్రైవేటు కంపెనీ పేరు ఉంటోంది. రాకెట్ ఎలా ఉండాలో గీసేది ఆ కంపెనీయే, అది పేలితే మునిగేదీ ఆ కంపెనీయే. నా దృష్టిలో అసలు మార్పు ఇదే.

2023 వేసవిలో బెంగళూరు నుంచి ఒక కొత్త కంపెనీ మాకు మూడు అల్యూమినియం రింగుల పని ఇచ్చింది. పేరు అనవసరం. ఇంజిన్‌ను నేల మీద మండించి పరీక్షించే స్టాండులో అవి కూర్చోవాలి. లోపలి బోరు, అంటే రంధ్రం వ్యాసం, 180 మిల్లీమీటర్లు. టాలరెన్సు, అంటే కొలత తప్పినా ఒప్పుకునే తేడా, 25 మైక్రాన్లు. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. మే నెల మధ్యాహ్నం, రేకుల షెడ్డు, లోపల నలభై డిగ్రీలు. మా టర్నర్ బోరు గేజితో మూడుసార్లు కొలిచాడు. సరిగ్గా ఉంది. పంపించాం. నాలుగో రోజు ఫోను వచ్చింది: మూడూ రిజెక్ట్, బోరు 40 మైక్రాన్లు చిన్నది.

నమ్మలేదు. గొడవ పడ్డాను కూడా. కారణం తెలిశాక సిగ్గేసింది. వాళ్లు కొలిచేది ఇరవై డిగ్రీల గదిలో. ఎండకు గేజి ఉక్కూ సాగుతుంది, కానీ అల్యూమినియం దానికి దాదాపు రెట్టింపు సాగుతుంది. మా షెడ్డులో రెండూ ఒకదాన్ని చూసి ఒకటి అబద్ధం చెప్పుకున్నాయి. చల్లబడ్డాక నిజం బయటపడింది. గానుగ రోలరుకు ఈ తేడా ఎవడికి కావాలి?

మరుసటి రోజు పొద్దున్నే వాళ్ల ఇంజనీరు రాత్రి బస్సు దిగి, ఆ మూడు రింగులూ సంచిలో మోసుకుని, నేరుగా షెడ్డుకు వచ్చాడు. పాతికేళ్లు ఉంటాయేమో. స్టూలు మీద కూర్చుని, టీ తాగుతూ, అవసరం లేని ఒక టాలరెన్సును పెన్నుతో కొట్టేసి సంతకం పెట్టాడు. ఇస్రో డ్రాయింగులో ఒక గీత మారాలంటే కాగితం ఎన్ని బల్లలు తిరగాలో చూసినవాణ్ని, నాకు నోట మాట రాలేదు. షెడ్డులో ఒక మూలను గదిలా కట్టి ఏసీ పెట్టించాను. మా ఇంట్లో లేదు, లేతుకు ఉంది. రెండు రింగులను మళ్లీ కోసి సరిచేశాం. మూడోదాని దగ్గర మావాడు కంగారుపడి ఎక్కువ కోసేశాడు. బోరు చిన్నదైతే మందు ఉంది, పెద్దదైతే లేదు.

రెండో వైపు కూడా చెప్పాలి. ఆ బిల్లు డబ్బు ఎనిమిది నెలలకు వచ్చింది. పెట్టుబడిదారుల నుంచి తరువాతి విడత రాలేదట. ఆలోగా ఆ కుర్రవాడు ఇంకో కంపెనీకి మారిపోయాడు. ఇస్రో పనిలో బిల్లు ఆలస్యమైనా, వస్తుందా రాదా అన్న బెంగ ఎన్నడూ లేదు.

ఇక పైకెగిరినవాళ్ల సంగతి. హైదరాబాదు స్కైరూట్ వాళ్ల విక్రమ్-ఎస్ 2022 నవంబరు 18న శ్రీహరికోట నుంచి లేచి 89.5 కిలోమీటర్ల ఎత్తుకు వెళ్లి సముద్రంలో పడింది. ఆరు మీటర్ల పొడవే. ఆ రోజు మిద్దె ఎక్కి తూర్పు వైపు కళ్లు చికిలించుకుని చూశాను, ఏమీ కనబడలేదు. పీఎస్ఎల్వీ అయితే ఆకాశం తేటగా ఉన్న రోజున ఇక్కడికి కూడా తెల్లటి చార కనిపిస్తుంది. చెన్నై అగ్నికుల్ వాళ్లు చాలాసార్లు వాయిదా వేసుకుని, చివరికి 2024 మే 30న శ్రీహరికోటలోనే సొంత ప్యాడ్ నుంచి ప్రయోగించారు. దాని ఇంజిన్‌ను అతుకు లేకుండా ఒకే ముక్కగా త్రీడీ ప్రింటర్‌తో తీశారు. నాలాంటి లేతువాడికి గుండెల్లో రాయి పడిన వార్త అది! ఈ రెండూ కక్ష్యకు చేరే ప్రయోగాలు కావు. రెండింటికీ ఇస్రో అండ ఉంది.

అందరూ స్పేస్‌ఎక్స్ పేరు చెబుతారు. 2006 నుంచి 2008 దాకా ఆ కంపెనీ తొలి రాకెట్ ఫాల్కన్-1 వరుసగా మూడుసార్లు విఫలమై, 2008 సెప్టెంబరులో నాలుగోసారి గెలిచింది. ఆ డిసెంబరులోనే నాసా అంతరిక్ష కేంద్రానికి 12 సరుకు యాత్రలకు 160 కోట్ల డాలర్ల ఒప్పందం ఇచ్చింది. సర్కారు పని లేని ప్రైవేటు రాకెట్ అమెరికాలోనూ కష్టమే. మన 4,700 కిలోల కమ్యూనికేషన్ ఉపగ్రహం జీశాట్-ఎన్2 కూడా 2024 నవంబరులో స్పేస్‌ఎక్స్ వాళ్ల ఫాల్కన్-9 మీదే వెళ్లింది, ఇస్రో పెద్ద రాకెట్ ఎల్వీఎం-3 ఆ కక్ష్యకు మోయగలిగే బరువును అది మించిపోయింది కనుక.

ఇస్రో మూతపడుతోందా అంటే, శ్రీహరికోటలో మూడో లాంచ్ ప్యాడ్‌కు 2025 జనవరిలో దాదాపు 3,985 కోట్లు మంజూరయ్యాయి. మూతపడే దుకాణానికి ఎవరూ కొత్త అరుగు కట్టరు. ఐదు పీఎస్ఎల్వీల తయారీని మాత్రం హెచ్ఏఎల్, ఎల్ అండ్ టీలకు అప్పగించారు. అంటే మీ అబ్బాయి లాంటివాళ్లకు పని రెండు వైపులా ఉంటుంది.

నన్నడిగితే, ఇస్రో టెక్నికల్ అసిస్టెంట్ పరీక్షలు తప్పకుండా రాయనివ్వండి. పిలుపు వచ్చేదాకా ఖాళీగా కూర్చోనివ్వకండి. సీఎన్‌సీ (కంప్యూటరుతో నడిచే యంత్రాల) ప్రోగ్రామింగు, కొలతల పని నేర్పించండి. చిన్న కంపెనీ పిలిస్తే వెళ్లనివ్వండి, కానీ ఆరు నెలల ఖర్చుకు సరిపడా చేతిలో పెట్టి పంపండి. జీతం ఆగే రోజులు వస్తాయి.

పాడైపోయిన ఆ మూడో రింగు ఇప్పుడు మా షెడ్డులో మంచినీళ్ల కుండ కింద కుదురుగా ఉంది. అబ్బాయి సెలవుల్లో ఇటు వస్తే బోరు గేజి చేతికిస్తాను. మధ్యాహ్నం ఒకసారి, ఏసీ గదిలో రాత్రంతా ఉంచి పొద్దున ఒకసారి దాన్ని కొలవమనండి.